కొత్త ల్యాప్‌టాప్‌కు ఫార్మాట్ కొట్టే ముందు డ్రైవర్లు దాచుకోండి

హనుమకొండలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. కౌన్సెలింగ్ అయిపోయి ఫస్టియర్ క్లాసులు మొదలయ్యాయంటే చాలు, కొత్త ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పిల్లలు ల్యాబ్‌కు వస్తుంటారు. పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు వాళ్లే ఎక్కువ. "మేడం, విండోస్ మళ్లీ ఏసినంక వైఫై కనిపిస్తలేదు." "టచ్‌ప్యాడ్ పనిచేస్తలేదు." "స్క్రీన్ మీద అన్నీ పెద్దపెద్దగ కనిపిస్తున్నయి." చాలామంది ఇళ్లలో చిట్టీ ఎత్తి కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది. పాడైపోయిందేమో, నాన్నకు ఏం చెప్పాలి అనే టెన్షన్ ముఖంలోనే కనిపిస్తుంది. నిజానికి ఏమీ పాడవదు. డ్రైవర్లు, అంటే వైఫై, టచ్‌ప్యాడ్ లాంటి ఒక్కో భాగాన్ని విండోస్‌తో నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్లు, లేవు, అంతే.

విండోస్ వేయడం ఇప్పుడు పెద్ద విద్య కాదు. పెన్‌డ్రైవ్ పెట్టి నాలుగు బటన్లు నొక్కితే అదే ఎక్కుతుంది. అసలు పనంతా పాత విండోస్ ఇంకా నడుస్తున్నప్పుడే ఉంటుంది. దాన్ని చెరిపేశాక వైఫై డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే వైఫై డ్రైవర్ కావాలి. కాబట్టి ఈ వ్యాసంలో ఇన్‌స్టాల్ గురించి కన్నా దాని ముందు చేయాల్సిన వాటి గురించే ఎక్కువ చెబుతాను.

అసలు ఫార్మాట్ అవసరమా?

కంపెనీ నుంచే ఒరిజినల్ విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ అయి, అక్కర్లేని యాప్‌లు ఎక్కువ ఉన్నాయన్నదే మీ బాధ అయితే ఫార్మాట్ వద్దు. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి ట్రయల్ యాంటీవైరస్, గేములు ఒక్కొక్కటీ తీసేయండి. ట్రయల్ యాంటీవైరస్ పోయాక విండోస్‌లో ఉన్న మైక్రోసాఫ్ట్ డిఫెండర్ దానంతట అదే పనిలోకి దిగుతుంది. విద్యార్థికి అది చాలు.

అప్పటికీ తృప్తి లేకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళ్లి 'రీసెట్ దిస్ పీసీ' ఎంచుకోండి. అందులో 'క్లౌడ్ డౌన్‌లోడ్' అంటే నాలుగు జీబీకి పైగా డేటా తింటుంది. 'లోకల్ రీఇన్‌స్టాల్' అంటే డిస్కులో ఉన్నదాంతోనే పని కానిస్తుంది. ఈ దారిలో డ్రైవర్లు చాలావరకు అలాగే ఉంటాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇదే సరిపోతుంది.

మొత్తం చెరిపి కొత్తగా వేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. డాస్‌తో, అంటే విండోస్ లేకుండా వచ్చిన ల్యాప్‌టాప్, ఎస్ఎస్‌డీ (లోపలి డిస్కు) మార్చిన ల్యాప్‌టాప్, ఆన్ చేస్తే విండోస్‌లోకే పోని ల్యాప్‌టాప్. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, షాపువాళ్లు క్రాక్ విండోస్, అంటే లైసెన్స్ లేని దొంగ విండోస్, వేసి ఇచ్చిన ల్యాప్‌టాప్.

మా అక్క కొడుకుకు అదే జరిగింది. తక్కువలో వస్తుందని విండోస్ లేని మోడల్ కొన్నారు. షాపులో "విండోస్ మేమే ఫ్రీగా ఏసిస్తం" అన్నారట. ఇంటికి తెచ్చి చూపించి, "చిన్నమ్మా, యాక్టివేటెడ్ అనే ఉంది కదా, ఇంకేంది?" అన్నాడు. విండోస్ సెక్యూరిటీ తెరిచి చూపించాను. డిఫెండర్ ఆపేసి ఉంది. ఎక్స్‌క్లూజన్స్‌లో సీ డ్రైవ్ మొత్తం పెట్టి ఉంది. అంటే ఆ డ్రైవ్‌లోకి ఏ వైరస్ వచ్చినా చూసీ చూడనట్టు వదిలేయమని ముందే చెప్పి పెట్టారన్నమాట. క్రాక్ చేసే యాక్టివేటర్లు పనిచేయాలంటే డిఫెండర్ అడ్డు వస్తుంది కాబట్టి ముందు దాన్ని పడుకోబెడతారు. అదే మెషీన్‌లో పిల్లాడు ఫీజు కడతాడు, వాళ్ల నాన్న బ్యాంకు లాగిన్ అవుతాడు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. క్రాక్ ఉంటే ఫార్మాటే.

లైసెన్స్ సంగతి

విండోస్‌తోనే అమ్మిన ల్యాప్‌టాప్ అయితే కీ మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది. విండోస్ 8 కాలం నుంచి ఇదే పద్ధతి. మళ్లీ వేసేటప్పుడు సెటప్ దాన్ని చదువుకుని సరైన ఎడిషన్ తానే ఎంచుకుంటుంది. మన దగ్గర అమ్మే వాటిలో ఎక్కువగా ఉండేది 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్'. 'ప్రో' బాగుంటుందని ఎవరో చెప్పారని ప్రో వేస్తే ఆ కీతో అది యాక్టివేట్ కాదు.

డాస్ ల్యాప్‌టాప్‌కు కీ ఉండదు. లైసెన్స్ కొనాలి. ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకు దొరికే కీలను నమ్మకండి, నేడో రేపో బ్లాక్ అయితే అడిగే దిక్కుండదు. కొనే స్తోమత ఇప్పుడు లేదంటే విండోస్ బదులు ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి. పూర్తిగా ఉచితం, చట్టబద్ధం. సీ, పైథాన్, జావా ల్యాబులకు ఏ లోటూ ఉండదు.

ఇంకో మాట. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లతో ఎంఎస్ ఆఫీస్ కూడా వస్తుంది. ఫార్మాట్‌కు ముందే వర్డ్ తెరిచి, మీ సొంత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో దాన్ని యాక్టివేట్ చేసుకోండి. అప్పుడు అది మీ అకౌంట్‌కు రాసి పెట్టినట్టు అవుతుంది, తర్వాత ఎన్నిసార్లు వేసినా అదే అకౌంట్‌తో దించుకోవచ్చు. ఇది చేయకుండా చెరిపేసి, డబ్బు పెట్టి కొన్న ఆఫీస్ ఎక్కడుందో తెలియక తిరిగేవాళ్లను ఏటా చూస్తున్నాను.

ముందు దాచుకోవాల్సినవి

రెండు పెన్‌డ్రైవ్‌లు కావాలి. ఒకటి విండోస్‌కు, కనీసం 8 జీబీ. అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి అక్క పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ తేకండి. రెండోది డ్రైవర్లకు. విండోస్‌ను మైక్రోసాఫ్ట్ అధికారిక సైట్ నుంచే 'మీడియా క్రియేషన్ టూల్'తో దించుకోండి. ఊళ్లో రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ఫోన్ డేటాతో ఇది అయ్యే పని కాదు. ఫైబర్ ఉన్న ఇంట్లోనో, కాలేజీ వైఫైలోనో కానిచ్చుకోండి. విండోస్ 10 తేలిగ్గా ఉంటుందని వెనక్కి పోకండి. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొత్త ల్యాప్‌టాప్‌లో 11 వేయడానికి కావాల్సిన టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఎలాగూ ఉంటాయి.

ఇక డ్రైవర్లు. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది, డెల్ వాళ్లు దాన్నే సర్వీస్ ట్యాగ్ అంటారు. కంపెనీ సపోర్ట్ పేజీలో ఆ నంబరే కొట్టండి, మోడల్ పేరు కాదు. ఎందుకంటే ఒకే మోడల్ పేరుతో వచ్చిన రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకదాంట్లో ఇంటెల్ వైఫై కార్డు, ఇంకోదాంట్లో రియల్‌టెక్‌దో, మీడియాటెక్‌దో ఉండవచ్చు. పక్క బెంచీ స్నేహితుడు దించుకున్న డ్రైవర్ మీకు పనిచేయకపోవడానికి కారణం అదే. సీరియల్ నంబర్ కొడితే మీ మెషీన్‌లో ఉన్న సామానుకు సరిపోయేవే వస్తాయి.

అన్నీ దించే ఓపిక లేకపోతే కనీసం ఈ మూడు వదలకండి: వైఫై, చిప్‌సెట్ (మదర్‌బోర్డులోని చిప్‌లకు), స్టోరేజ్ (డిస్కుకు). స్టోరేజ్ డ్రైవర్ ఎందుకో కింద చెబుతాను. ఇంటెల్ మెషీన్లలో 'సీరియల్ ఐవో' అనేది కూడా తీసుకోండి. పేరు చూసి మనకెందుకులే అనుకుంటారు, కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ దాని మీదే ఆధారపడి నడుస్తుంది.

పాత విండోస్ బాగానే నడుస్తుంటే ఇంకో సులువైన దారి కూడా ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, 'పీఎన్‌పీయూటిల్' అనే కమాండ్‌ను ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ ఆప్షన్‌తో ఇచ్చి, పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చూపిస్తే, కంపెనీ వేసిన డ్రైవర్లన్నీ అందులోకి కాపీ అవుతాయి. కొత్త విండోస్‌లో డివైస్ మేనేజర్ నుంచి ఆ ఫోల్డర్ చూపిస్తే ఎవరి డ్రైవర్ వాళ్లు వెతుక్కుంటారు. నేనైతే సైట్ నుంచి దించినవీ పెట్టుకుంటాను, ఇదీ చేస్తాను.

డెల్, హెచ్‌పీ, లెనోవో వాళ్లు ఫ్యాక్టరీలో ఉన్నట్టే తిరిగి తెచ్చుకోవడానికి రికవరీ పెన్‌డ్రైవ్ తయారుచేసే టూల్స్ ఉచితంగా ఇస్తారు. మూడో పెన్‌డ్రైవ్ అప్పు దొరికితే అది కూడా చేసి పెట్టుకోండి. ఎందుకంటే డిస్కులో కంపెనీ పెట్టిన రికవరీ భాగం కూడా మనం చెరిపేస్తాం.

చివరగా బిట్‌లాకర్, అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో మీరు అడగకుండానే డిస్కు లాక్ అయి ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాగి ఉంటుంది. ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిచి కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో, ఏదైనా మార్చిన వెంటనే నీలం స్క్రీన్ వచ్చి ఆ అంకెలే అడగవచ్చు. డీ డ్రైవ్‌లో ఫైళ్లు ఉంచి సీ ఒక్కటే చెరుపుదామనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కీ లేకపోతే డీలో ఉన్నవి మీ కళ్ల ముందే ఉన్నా తెరుచుకోవు. అందుకే ఫైళ్లన్నీ బయటికి కాపీ చేసుకోవడమే మేలు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మర్చిపోకండి, హాల్ టికెట్లు, మెమోల స్కాన్లు ఉండేది అక్కడే.

ఇన్‌స్టాల్

బ్యాటరీ నిండుగా ఉంచి, ఛార్జర్ కూడా పెట్టి మొదలుపెట్టండి. ఎండాకాలం సాయంత్రాలు గాలిదుమారం లేస్తే మన దగ్గర కరెంటు సంగతి మీకు తెలిసిందే. యూఎస్‌బీ మౌస్ ఒకటి దగ్గర పెట్టుకోండి, సెటప్ అయ్యేదాకా టచ్‌ప్యాడ్ కదలకపోవచ్చు. బయటి హార్డ్ డిస్కులన్నీ పీకేయండి.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్‌కు ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12నే, కానీ కొన్ని మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి పోయి బూట్ మెనూను ఆన్ చేయాలి.

భాష, కీబోర్డు ఎంచుకుని ముందుకు పోతే డిస్కు చూపించే పేజీ వస్తుంది. చాలామంది భయపడేది ఇక్కడే, ఎందుకంటే కొన్నిసార్లు ఆ పేజీ ఖాళీగా ఉంటుంది. ఎస్ఎస్‌డీ పోయిందని ఏడ్చినంత పని చేస్తారు. 11వ తరం నుంచి వచ్చిన ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్కుకూ ప్రాసెసర్‌కూ మధ్య వీఎండీ అనే కంట్రోలర్ ఉంటుంది. దాని డ్రైవర్ లేకపోతే సెటప్‌కు డిస్కు కనబడదు. దాచుకోమన్న స్టోరేజ్ డ్రైవర్ ఇందుకే. సైట్‌లో దాని పేరు 'ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ' అని ఉంటుంది. ఇక్కడ ఇన్‌స్టాలర్ ఫైల్ పనిచేయదు, దాన్ని విప్పితే వచ్చే ఐఎన్ఎఫ్ ఫైళ్ల ఫోల్డర్ కావాలి. అందుకే ఆ విప్పడం కూడా ముందే చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే వీఎండీ కంట్రోలర్ పేరు వస్తుంది, దాన్ని ఎంచుకుంటే డిస్కు ప్రత్యక్షమవుతుంది. బయోస్‌లో వీఎండీని ఆపేసే దారి కూడా ఉంది. కానీ అలా ఆపి విండోస్ వేశాక, తర్వాతెప్పుడో ఎవరైనా మళ్లీ ఆన్ చేస్తే విండోస్ బూట్ కాదు. డ్రైవర్ ఇవ్వడమే శుభ్రమైన పద్ధతి.

డిస్కు కనిపించాక సైజు చూసి గుర్తుపట్టండి. 512 జీబీ అని కొన్నది ఇక్కడ సుమారు 477 జీబీగా, ఒక టీబీ అన్నది 931 జీబీగా కనిపిస్తుంది. ఎవరూ మోసం చేయలేదు, కంపెనీ లెక్కకూ విండోస్ లెక్కకూ ఉన్న తేడా అది. ఆ డిస్కులో ఉన్న భాగాలన్నీ డిలీట్ చేస్తే 'అన్‌అలొకేటెడ్' అని ఒకటే మిగులుతుంది. దాన్ని ఎంచుకుని నెక్స్ట్ కొట్టండి, కావలసిన చిన్న భాగాలన్నీ సెటప్ తానే చేసుకుంటుంది. సీకి వంద జీబీ, మిగతాది డీకి అని పంచే పాత అలవాటు మన షాపుల్లో ఇంకా ఉంది. 512 జీబీ ఎస్ఎస్‌డీని అలా ముక్కలు చేయవద్దని నా సలహా. ఆండ్రాయిడ్ స్టూడియో ఒక్కటి వేస్తే సీ నిండిపోయి ఎర్రబడుతుంది, డీ ఖాళీగా పడి ఉంటుంది.

కాపీ అయి రీస్టార్ట్ అయ్యేటప్పుడు మళ్లీ బూట్ కీ నొక్కకండి. తర్వాత వచ్చే పేజీలలో నెట్ అడుగుతుంది. వైఫై లిస్టు ఖాళీగా ఉంటే ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. విండోస్ దాన్ని వైరుతో వచ్చే నెట్‌లాగా చూస్తుంది, వేరే డ్రైవర్ అడగదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగినప్పుడు మీ సొంతది ఇవ్వండి. షాపతనిదో, సీనియర్‌దో వద్దు. బిట్‌లాకర్ కీ చేరేది ఆ అకౌంట్‌కే.

డ్రైవర్లు వేయడం

డెస్క్‌టాప్ వచ్చాక మొదట వైఫై, చిప్‌సెట్ డ్రైవర్లు వేసి, విండోస్ అప్‌డేట్‌ను నడవనివ్వండి. అడిగినన్ని సార్లు రీస్టార్ట్ చేయండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో 'ఆప్షనల్ అప్‌డేట్స్' కింద డ్రైవర్లు విడిగా ఉంటాయి, అవి కూడా చూడండి. ఇంతటితోనే చాలావరకు అన్నీ సర్దుకుంటాయి. ఆ తర్వాత సీరియల్ ఐవో, గ్రాఫిక్స్, ఆడియో, ఎఫ్ కీల సాఫ్ట్‌వేర్. రెండు గ్రాఫిక్స్ ఉన్న మెషీన్ అయితే ముందు ఇంటెల్ లేదా ఏఎండీ, తర్వాత ఎన్విడియా.

ఇప్పుడు స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తు ఏదైనా మిగిలిందా? మిగిలితే దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కు వెళ్లి 'హార్డ్‌వేర్ ఐడీస్' చూడండి. అందులో వెండర్ నంబర్ ఉంటుంది. 8086 ఉంటే ఇంటెల్, 1022 ఉంటే ఏఎండీ, 10డీఈ అయితే ఎన్విడియా, 10ఈసీ అయితే రియల్‌టెక్. 'అన్‌నోన్ డివైస్' అని పేరు లేకుండా కూర్చున్నది ఎవరి సామానో ఆ నంబర్ చెప్పేస్తుంది, వాళ్ల డ్రైవర్ వేయండి. డిస్‌ప్లే కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదనే అర్థం.

ఒక్క క్లిక్‌తో డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. మీ మెషీన్‌ది కాని డ్రైవర్ వేసి, బాగున్న సౌండును పోగొట్టిన సందర్భాలు ల్యాబ్‌లో చూశాను. అవి చేసే పని విండోస్ అప్‌డేట్, కంపెనీ సైట్ కలిసి ఉచితంగా, నమ్మకంగా చేస్తాయి. బయోస్ అప్‌డేట్ ఉంటే చివర్లో పెట్టుకోండి, కంపెనీ సైట్ నుంచే, ఛార్జర్ పెట్టి, మధ్యలో మెషీన్‌ను ముట్టకుండా.

అన్నీ అయ్యాక ఒక్కొక్కటీ పరీక్షించండి. కెమెరా, మైక్, స్పీకర్, ఇయర్‌ఫోన్, బ్లూటూత్, వెలుతురు తగ్గించే కీలు, వేలిముద్ర. మూత మూసి తెరిస్తే లేస్తుందా చూడండి, లేవకపోతే చిప్‌సెట్ లేదా గ్రాఫిక్స్ డ్రైవర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. కెమెరాలో నలుపు తప్ప ఏమీ రాకపోతే డ్రైవర్‌ను తిట్టే ముందు పైన చిన్న తలుపు జరిపి ఉందేమో చూడండి. సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లో 'యాక్టివ్' అని ఉండాలి. డివైస్ ఎన్‌క్రిప్షన్ మళ్లీ ఆన్ అయి ఉంటే కొత్త రికవరీ కీ పుట్టి ఉంటుంది, పాత కాగితం కొట్టేసి కొత్తది రాసుకోండి.

ఇంకొక్కటి నేను ఎవరికి వేసినా చేసి ఇస్తాను. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ కింద తెలుగు చేర్చి, కీబోర్డుల్లో ఫొనెటిక్ పెడతాను. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది, విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే అటూ ఇటూ మారుతుంది. 'సింగిల్ లాంగ్వేజ్' ఎడిషన్‌లో కూడా ఇది వస్తుంది, ఆ పరిమితి మెనూల భాషకే, టైపింగ్‌కు కాదు. ఇంటికి ఉత్తరమో, ఊరి సర్పంచ్‌కు అర్జీనో రాయాలంటే దీని కోసం మళ్లీ ఏ సాఫ్ట్‌వేరూ దించనక్కర్లేదు.